గుడియాత్తం తెలుగు సెక్షను

మొన్న వేలూరు నుంచి గుడియాత్తం పోయే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్ళో అట్టతో కత్తిరించిన త్రిభుజాలు పెట్టుకుని, అవి జారిపోకుండా దారి పొడవునా చేత్తో అదిమి పట్టుకుంది. లెక్కల టీచరు ట్రైనింగట, మరునాడు క్లాసులో పాఠం చెప్పి చూపించాలట. భయంగా ఉందని తమిళంలో చెప్పింది. బాగానే చెబుతావులే అన్నాను. అంతకు మించి మాట్లాడబుద్ధి కాలేదు.

నేను వేలూరులో ట్రైనింగులో చేరిన ఏడే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. చిత్తూరు అటు పోయింది, మేము ఇటు తమిళం వైపు మిగిలిపోయాము. హాస్టల్లో దాని మీద పెద్ద చర్చేమీ జరగలేదు. సాంబారులో పప్పు వెతుక్కోవడంతోనే మాకు పొద్దు సరిపోయేది. మా నాయన గుడియాత్తంలో ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఆడపిల్లకు లెక్కలెందుకని చుట్టాలు అంటున్నా చెవిన పెట్టకుండా నన్ను అంత దూరం చదివించాడు. పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి నన్ను మా ఊరి హైస్కూలుకే, తెలుగు సెక్షనుకే పంపారు. అక్కడి లెక్కల అయ్యవారు ముసలాయన. వెనక బెంచీ మీద ముక్కుపొడి పీల్చి కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోయాడు కదా అని నేను లెక్కలో ఒక మెట్టు దాటేస్తే, కళ్ళు తెరవకుండానే ఆ మెట్టు యాడికి పోయిందని అడిగేవాడు. ఒకనాడు పిల్లల చేత కాగితపు త్రిభుజం మూలలు చింపించి, మూడింటినీ పక్కపక్కన పెట్టించాను. తిన్నటి గీత వచ్చేసరికి క్లాసంతా బల్లలు చరిచింది. ఆ సాయంత్రం అయ్యవారు, "వచ్చే ఏడు నేను దిగిపోతా. ఈ సెక్షను నీదేనమ్మా," అన్నాడు. హెడ్మాస్టరు కూడా సరేనన్నాడు.

నా ట్రైనింగు పూర్తయి బడులు తెరిచేసరికి తెలుగు సెక్షను పలచబడింది. ఇక ఉద్యోగాలన్నీ తమిళం వచ్చినవాళ్ళకేనన్న మాట ఊరంతా పాకి, ఒక్కొక్కరే పిల్లలను తమిళ సెక్షనుకు మార్చుకున్నారు. ఇంకొందరు పోతే మూసేస్తారని అయ్యవారు చెబితే, ఎండలో ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. ఒక ఇంటావిడ నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, నెమ్మదిగా అంది: "మీ నాయనే మీ తమ్ముణ్ణి మార్చేసినాడు గదమ్మా. మాకు చెప్పేదానికి వచ్చినావా?"

ఇంటికి వచ్చేసరికి నాయన కాళ్ళకంటిన సున్నం కడుక్కుంటున్నాడు. నిజమేనా అని అడిగాను. తలెత్తలేదు.

"తమిళం లేకుంటే వానికి పనీ వేలై యాడ దొరుకుతాదమ్మా? వాడు మొగపిల్లోడు, బతకల్లా గదా."

"మరి నేను, నాయనా?"

ఆయన ఇంకో చెంబు నీళ్ళు పోసుకున్నాడు.

సెక్షను మూశారు. చిత్తూరు వెళ్ళి అడిగితే, మీది పక్క రాష్ట్రం కదా అన్నారు. ఇక్కడి తమిళ క్లాసులకేమో తమిళంలో చదివినవాళ్ళే కావాలన్నారు. చివరికి వేలూరు పక్కన తొరపాడిలో ఒక చిన్న ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే ఉద్యోగం దొరికింది. రిటైరయ్యేదాకా కాజాలు కుట్టించాను. తమ్ముడికి తాలూకా కచేరీలో మంచి ఉద్యోగమే వచ్చింది. నాయన లెక్క తప్పలేదు. నన్ను అందులో కలుపుకోలేదు, అంతే. ఏళ్ళు గడిస్తే కోపం పోతుందనుకున్నాను. ఎవరి మీద కోపమో ఆ మనుషులు పోయారు గాని, అది మాత్రం నాతోపాటే ముసలిదవుతోంది.