గో-కార్ట్‌కు నేనెంచిన మొదటి ఇంజన్

రాబర్ట్‌సన్‌పేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను వర్క్‌షాప్ సూపరింటెండెంట్‌గా పనిచేసినాను. రిటైరయ్యేందుకు ఇంకా పద్నాలుగు నెలలుండగా, జనవరిలో, ఆటోమొబైల్ విభాగాధిపతి నాకొక పని అప్పగించినారు. ఏదో రేసింగ్ క్లబ్బు వదిలేసిన పాత గో-కార్ట్ ఛాసిస్ మా షెడ్డులో పడుండేది. పైపుల చట్రం, నాలుగు చక్రాలు, ఒక సీటు; స్ప్రింగులు కూడా లేవు. దానికి తగిన ఇంజన్ ఎంచి నడిపించాలి.

అది భార్గవి అనే ఫైనలియర్ విద్యార్థిని ప్రాజెక్టు. పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్ల. మాలూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైంది గానీ, జూన్‌లోగా పాసైతేనే చేర్చుకుంటామన్నారు. బండి నడవకపోతే ఆ ఉద్యోగం లేదు.

పాత టూ-స్ట్రోక్ బైకు ఇంజన్ చాలు, తేలికగా ఉంటుందని ఆమె రిపోర్టు రాసుకొచ్చింది. నేను ఒప్పుకోలేదు. బంగారు గనిలో మనుషుల్ని దించి ఎత్తే వైండర్ యంత్రాల దగ్గర పని నేర్చినవాణ్ణి. అక్కడ మాకు ఒకటే పాఠం: కావాల్సినదానికంటే బలం ఎక్కువ పెట్టు, అదిరేచోట ప్లేటేసి వెల్డు చెయ్. అదే లెక్కన మూడు వందల యాభై సీసీ ఇంజన్ తెప్పించినాను. ఇంత బరువొద్దని ఆ పిల్ల ఒకసారి చెప్పి చూసింది. ఇంజన్ ఎక్కించేసరికి చట్రం ఒక పక్కకు వంగింది. వంగితే ఏమి, నాలుగు మూలలా ప్లేట్లు వెల్డు చేయించినాను. పని నున్నగా వచ్చిందని మీసం కూడా దువ్వుకున్నాను, అబద్ధమెందుకు.

ఏప్రిల్‌లో మైదానంలో నడిపి చూసినాం. నేరుగా రయ్యిమని పోయింది. మలుపులో భార్గవి స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరిగినాయి, బండి తిరగలేదు. అట్లే పోయి అడ్డంగా పేర్చిన టైర్లకు గుద్దుకుంది. పరిగెత్తి పోయేసరికి ఆ పిల్ల బెణికిన మణికట్టు పట్టుకొని కూర్చోనుండాది.

"చట్రం వంగాల సార్. వంగితేనే తిరుగుతాది," అనింది.

వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. మలుపులో లోపలి చక్రం కొంచెం పైకి లేవకపోతే బండి తిరగదు. దాన్ని లేపేది చట్రం మెలిపడటమే. నేను ఆ మెలికనే వెల్డు చేసి పారేసినాను. ఇదంతా ఆమె రిపోర్టు మొదటి పేజీలోనే ఉంది. నేను ఇంజన్ ఉన్న పేజీ మాత్రం చూసి మూసేసినాను. సిగ్గేసింది.

ప్లేట్లన్నీ నా చేతులతోనే గ్రైండర్ పట్టి తీసినాను. మారికుప్పంలో ఒక మెకానిక్ దగ్గర టూ-స్ట్రోక్ ఇంజన్ దొరికింది. చేతికి కట్టుతోనే భార్గవి బిగింపులన్నీ సరిచూసింది. 'నేను చెప్పలేదా' అని ఒక్కనాడూ అనలేదు.

పరీక్షరోజు బయటనుంచి వచ్చిన ఎగ్జామినర్ వంగి గ్రైండర్ మచ్చలు చూసినారు. పగిలిన చట్రాన్ని అతికించి దాచినట్టుంది, ఇట్లాంటిదాన్ని నడపనివ్వనన్నారు. భార్గవి మొహం పాలిపోయింది. అయినా నా వైపు చూడలేదు, నా పేరెత్తలేదు. విభాగాధిపతి పక్కనే ఉన్నారు.

"పగుల్లేదు సార్. నేనే వెల్డు చేయించినాను, నేనే తీసినాను. ఆ పిల్ల పెద్ద ఇంజన్ వద్దనింది, నేను వినలేదు," అన్నాను.

ఆయన అతుకుల మీద సన్న పగుళ్ళను కూడా బయటపెట్టే రంగు పూయించి, పగుళ్ళు లేవని చూసుకొని నడపమన్నారు. మలుపులో లోపలి చక్రం రెండు వేళ్ళంత లేచింది, బండి తిరిగింది. భార్గవి పాసైంది. చట్రాన్ని వెల్డు చేయించినందుకు నాకు మరుసటి వారం మెమో వచ్చింది, సంతకం పెట్టి తీసుకున్నాను.

గనిలో నేర్చింది తప్పని ఇప్పటికీ అనను. అది గనికి చెల్లుతుంది. ఇంజన్ ఎంచేముందు ఛాసిస్ చేసే పనేమిటో తెలుసుకోవాలి. అది తెలిసిన మనిషి మనకంటే చిన్నదైనా వినాలి. ఆ తర్వాత సర్వీసున్నన్నాళ్ళూ ఏ రిపోర్టునూ మొదటి పేజీనుంచి చివరిదాకా చదవకుండా సంతకం పెట్టలేదు.