జిగురుకే మీ ఓటు

మా అక్కకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది. అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పనికి రాలేదు. హైస్కూల్లో చేరిన రెండో నెల నుంచీ ఆమె పేరు జిగురు.

మా నాన్న పుస్తకాలు బైండు చేస్తాడు. ఇంటి ముందుగదే షాపు. మైదా ఉడకబెట్టి, అందులో ఇంకేదో పొడి కలిపి ఆయన చేసే జిగురు మా బట్టలకీ, జడలకీ, ఒక్కోసారి అన్నం కంచాలకీ అంటుకుని ఉండేది. ఒకరోజు ఎవరో అక్క చొక్కా చేతికి ఎండిపోయిన మరక చూసి "ఒసే జిగురూ" అన్నారు. నన్నంటే కొరికేసేదాన్ని. నా నోరూ పళ్లూ ఇంటిల్లిపాదికీ తెలుసు. అక్క మాత్రం కాసేపు ఆలోచించి, "పట్టుకుంటే వదలనిదనే కదా. మంచి పేరే" అంది. ఏడిపిద్దామని వచ్చినవాళ్ల మొహాలు చూడాల్సింది.

నాన్న షాపులో రెండు విషయాలు మాకు పలకతో పాటే వంటబట్టాయి. ఒకటి లెక్కపెట్టడం. పాత పుస్తకానికి అట్ట మార్చాలంటే ముందు పాత జిగురు వదలాలి. దాని మీద తడిగుడ్డ పరిచి ఐదు వందలు లెక్కపెట్టాలి. నాన్న గడియారాన్ని నమ్మేవాడు కాదు. "ఐదు వందల లోపు చెయ్యేస్తే కాగితం ఏడుస్తుంది" అనేవాడు. ఆ లెక్క మా ఇద్దరి పని. నేను మూడు వందల దగ్గర నుంచి నాలుగు వందల యాభైకి దూకేదాన్ని. అక్క ఎన్నడూ దూకలేదు.

రెండోది బంగారు రేకు. అది పై అరలో ఒక డబ్బాలో ఉండేది. వకీళ్ల పుస్తకాల వీపు మీద పేర్లు అచ్చొత్తడానికి తప్ప దాన్ని కిందికి దించేవాడు కాదు. మా నోటు పుస్తకాల మీద మా పేర్లు వెయ్యమని ఎన్నిసార్లు కాళ్లావేళ్లా పడ్డామో!

"వందేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు తీసి చూసే పుస్తకానికే బంగారం. మీ లెక్కల నోటు వచ్చే ఏడాది మీరే తియ్యరు" అనేవాడు.

అక్క పదో తరగతిలోకి, నేను తొమ్మిదిలోకి వచ్చిన ఏడు స్కూలు నాయకుడి ఎన్నికలు వచ్చాయి. బంతాట జట్టు కెప్టెన్ నిలబడ్డాడు. పొడుగు, అందం, వెనక పాతికమంది. ఆటల పీరియడు రోజుకు రెండు చేయిస్తానన్నాడు, పరీక్షలు తగ్గిస్తానన్నాడు, వర్షం వస్తే సెలవన్నాడు. వర్షం తెప్పిస్తానని ఒక్కటే అనలేదు. ఆయనగారికి పోటీగా ఇంకెవరూ ముందుకు రాలేదు. అప్పుడు మా అక్క లేచి చెయ్యెత్తింది.

"నీకెందుకే ఈ తలనొప్పి?" అన్నాను ఇంటికి వస్తూ.

"బీరువా తెరిపించాలి" అంది.

మేడ మీద వరండా చివర అద్దాల తలుపుల బీరువా ఒకటుండేది. అదే మా లైబ్రరీ. అట్టలు ఊడి, కాగితాలు రాలుతున్నాయని దానికి తాళం వేసి, 'మరమ్మతు జరుగుతున్నది' అని చీటీ అంటించారు. మూడేళ్లుగా లోపల పని చేస్తున్నది చెదపురుగులొక్కటే. ఒక కథల పుస్తకం నుంచి ఊడిన కాగితం అద్దానికి ఆనుకుని నిలబడి ఉండేది, నలభై ఏడో పేజీ. 'ముసలాయన తలుపు తీసి చూస్తే' అన్న మాట దగ్గర పేజీ అయిపోతుంది. మధ్యాహ్నం గంట కొట్టగానే మా అక్క అన్నం కూడా తినకుండా వెళ్లి అదే పేజీ చదివేది. చూస్తే ఏముందో తెలుసుకోవాలని ఆమె పట్టు. నవ్వకండి, మా అక్క ఎన్నికల్లో నిలబడింది అందుకే.

నాన్న దగ్గర మిగిలిపోయిన అట్ట కాగితాల మీద పోస్టర్లు రాశాం. గురువారం టేపుతో అంటిస్తే శుక్రవారానికి ఒక్కటీ లేదు. గాలి ఎత్తుకుపోయిందన్నారు కెప్టెన్ మనుషులు. వాళ్ల పోస్టర్లను ముట్టుకోని గాలి అది! నాకు ఒళ్లు మండిపోయింది. శని, ఆదివారాలు కూర్చుని మళ్లీ ఇరవై రెండు రాశాం.

"నాన్నా, ఈసారి నువ్వే రా. ఏ మొనగాడూ పీకలేకుండా అంటించు" అన్నాను.

నాన్న అప్పటిదాకా మా స్కూలు గేటు దాటలేదు. తల్లిదండ్రుల మీటింగుకి ఎప్పుడూ అమ్మే వెళ్లేది. "నా చేతులకు జిగురుంటుంది, కుర్చీలు పాడవుతాయి" అని తప్పించుకునేవాడు. ఆ ఆదివారం సాయంత్రం వాచ్‌మన్‌ని బతిమాలి లోపలికి తీసుకెళ్లాం. బకెట్టు కింద పెట్టి మొదటి పోస్టరు చేతిలోకి తీసుకున్నాడు. 'జిగురుకే మీ ఓటు. పట్టుకుంటే వదలదు. బీరువా తెరిపిస్తుంది' అని ఉంది. చదివి అక్క వైపు తిరిగాడు.

"నిన్నిలా పిలుస్తారా? నా వల్లే కదమ్మా" అన్నాడు.

"అవును నాన్నా. బావుంది కదూ?" అంది అక్క.

నాన్న బకెట్టు దగ్గరికి లాక్కున్నాడు. వకీళ్ల పుస్తకాలకు చూపించేంత శ్రద్ధతో ఒక్కొక్కటీ మూల మూలా నొక్కి ఇరవై రెండూ అంటించాడు. సోమవారం కెప్టెన్ మనుషులు ఒక పోస్టరు అంచు పట్టుకుని గుంజితే వాళ్ల గోళ్లే ఊడొచ్చినంత పనయింది. నేను వరండాలో నిలబడి కళ్లారా చూశాను.

శుక్రవారం ఓట్లు. గురువారం పొద్దున అసెంబ్లీలో పెద్ద మేడమ్ నియమాల కాగితం పైకి చదివింది. ఏడో నియమం వినగానే అక్క వైపు తిరిగాను. ఆ రోజు ఆఖరి గంట కొట్టేలోగా గోడల మీద ఒక్క పోస్టరు కూడా ఉండకూడదు. ఉంటే ఆ అభ్యర్థి పేరు రేపటి ఓటు చీటీలో ఉండదు. ఎవరి పోస్టర్లు వాళ్లూ, వాళ్ల తోటి పిల్లలే తీసుకోవాలి, ఇంటి పెద్దలు చెయ్యి వెయ్యకూడదు. ఆ కాగితం వారం నుంచీ నా సంచిలోనే ఉంది. నాలుగో నియమం దాకా చదివాను. ఐదో దాని దగ్గర ఆకలేసింది.

కెప్టెన్ మనుషులు మధ్యాహ్నం పది నిమిషాల్లో టేపులు లాగిపారేసి చేతులు దులుపుకున్నారు. నేను మెట్ల దగ్గరున్న మా పోస్టరు మీదికి దూకి గోళ్లతో గోకడం మొదలుపెట్టాను. మూల చిరిగింది, గోరు విరిగింది, పోస్టరు మాత్రం కదల్లేదు.

"గోకకే!" అంటూ అక్క పరుగెత్తుకొచ్చింది. "చిరిగితే సగం గోడకే ఉండిపోతుంది. తడిగుడ్డ ఏది?"

ఇరవై రెండు పోస్టర్లకి మా దగ్గరున్నవి రెండే చేతిరుమాళ్లు. మధ్యాహ్నం భోజనాల విరామం, ఖాళీగా ఉన్న ఆఖరి పీరియడు, అంతే సమయం. అక్క రెండు రుమాళ్లూ తడిపి, రెండు పోస్టర్ల మీద పరిచి, అరచేతులు ఆనించి పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాకు ఏడుపొచ్చేసింది. తప్పు నాది, పేరు పోయేది ఆమెది.

అప్పుడు కిటికీలోంచి గేటు బయట నాన్న కనిపించాడు. వాచ్‌మన్ చెప్పాడట. ఒక చేతిలో బకెట్టు, భుజం మీద షాపులోని గుడ్డలన్నీ. లోపలికి రానివ్వరు. మొహం పాలిపోయి ఉంది. అక్క ఆయన వైపు చూసి తల ఊపింది. నాన్న ఖాళీ చెయ్యి పైకెత్తి ఐదు వేళ్లు చూపించాడు.

"ఐదు వందలే నాన్నా, తెలుసు" అని గొణిగి, అక్క నూట పన్నెండు నుంచి అందుకుంది.

ఆరో తరగతి పిల్ల ఒకతి వచ్చి, "జిగురక్కా, నా రుమాలు కూడా తడపనా?" అంది. తర్వాత ఇంకొకతి. రెండొందలు దాటేసరికి వరండా నిండా పిల్లలు. కొళాయి దగ్గర వరస. రుమాలు లేనివాళ్లు బల్ల తుడిచే గుడ్డలు తెచ్చారు. అందరూ గొంతు కలిపి లెక్కపెడుతున్నారు. కెప్టెన్ మనుషులు పక్కన చేరి "డెబ్బై! ఎనిమిది వందలు!" అని అరిచి లెక్క తప్పించాలని చూశారు. చిన్నప్పుడు షాపులో లెక్క మధ్య నేను చేసిన అల్లరితో పోలిస్తే అదెంత? అక్క గొంతు తొణకలేదు, పిల్లలు ఆ గొంతునే పట్టుకున్నారు. లెక్కల మాస్టారు గదిలోంచి బయటికొచ్చి, "ఇంతమంది ఐదు వందల దాకా తప్పు లేకుండా లెక్కపెట్టడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి" అన్నారు.

ఐదు వందలు అనగానే అక్క ఒక మూల గోరుతో లేపి, మెల్లగా, ఏటవాలుగా లాగింది. పోస్టరు పోస్టరంతా తడి గుడ్డలాగా చేతిలోకి వచ్చేసింది. పిల్లల అరుపులకి పెద్ద మేడమ్ బయటికి వచ్చింది. నియమాల కాగితం చేత్తో పట్టుకుని అన్నిటినీ చూసింది, ఎక్కడా తప్పు దొరకలేదు. ఆఖరి పీరియడులో ఇరవై రెండోది గోడను వదిలేసరికి వాచ్‌మన్ సుత్తి పట్టుకుని గంట కిందికి వెళ్తున్నాడు.

అసలు తమాషా మర్నాడు బయటపడింది. మా స్కూలు గోడలకు ఏళ్ల తరబడి చేతిమరకలూ దుమ్మూ. జిగురుతో పాటు ఆ మురికీ తడిగుడ్డలకు వచ్చేసింది. ఓటు వెయ్యడానికి వరసలో నిలబడిన పిల్లలకు ఎటు చూసినా తెల్లగా మెరిసే నలుచదరాలు, ఇరవై రెండు. అవి ఎవరివో చెప్పడానికి అక్షరాలు అక్కర్లేదు.

కెప్టెన్ ఉడుక్కుంటూ వెళ్లాడు. "మేడమ్, అది కూడా ప్రచారమే!"

"గోడ శుభ్రంగా ఉండకూడదని ఏ నియమంలో ఉంది?" అంది మేడమ్. "అంత బాధగా ఉంటే మిగతా గోడంతా కడుగు. తేడా తెలియదు."

కెప్టెన్ నిజంగానే ఒక గుడ్డ తెచ్చుకుని రెండు మూరలు కడిగాడు. పాపం, చెయ్యి నొప్పెట్టి మానేశాడు. ఓటు చీటీలు లెక్కపెడితే మా అక్క నలభై ఒక్క ఓట్ల తేడాతో గెలిచింది. గర్వంతో నాకు ఆ పూట అన్నం సహించలేదు.

మరుసటి సోమవారమే బీరువా తాళం తీశారు. నలభై ఏడో పేజీ తర్వాతది ఎక్కడుందని అక్క లోపలంతా వెతికింది. ఆ కాగితానికే వెనకవైపు ఉంది! ముసలాయన తలుపు తీసి చూస్తే బయట ఆయన పారేసుకున్న మేక నిలబడి ఉందట. మూడేళ్ల ఎదురుచూపు ఒక మేక కోసం. ఇద్దరం బీరువాకి ఆనుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

బైండింగు నేర్పమని మేడమ్ నాన్నను పిలిపించింది. ఆయన గది గుమ్మంలోనే నిలబడి చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"కూర్చోండి. ఆ కుర్చీకి ఒక కాలు ఊగుతోంది. కాస్త జిగురంటితే మంచిదే" అంది మేడమ్.

నాన్న కూర్చున్నాడు. ఆ ఏడాదంతా ప్రతి శనివారం మా స్కూలు పిల్లలు పుస్తకాలు కుట్టారు, ఐదు వందలు లెక్కపెట్టారు.

మా అక్క ఆ తర్వాత ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. ఇప్పుడొక ఆస్పత్రిలో పాత రికార్డుల గది చూసుకుంటుంది. ఎవరికైనా ఎప్పటిదో ఒక కాగితం కావాల్సి వస్తే, దొరికేదాకా ఇంటికి వెళ్లదు. అక్కడ కూడా ఎవరు పెట్టారో ఏమో, ఆమెను జిగురు మేడమ్ అంటారు. పెద్దయ్యాక నాయకురాలు కాలేదేమని అడిగేవాళ్లకి నేను సమాధానం చెప్పను.

ఒక్క సంగతి మిగిలింది. గెలిచిన రోజు నాన్న అక్కను మెచ్చుకోలేదు. "ఆ పోస్టర్లేవి?" అని అడిగాడు. ఇరవై రెండూ బల్ల మీద పరిచి ఒక్కొక్క అంచూ వేలితో తడిమి చూశాడు.

"ఒక్కటే చిరిగింది" అన్నాడు.

"అది చెల్లి గోకింది" అంది అక్క. అవసరమా!

"అంటించడం ఎవరికైనా వస్తుందమ్మా. చింపకుండా వదిలించడమే పని" అని వాటిని లోపలికి తీసుకెళ్లాడు.

వారం తర్వాత అవి పుస్తకమై వచ్చాయి. మంచి అట్ట, గుడ్డ వీపు, గట్టి కుట్టు. ఇరవై రెండు పేజీలు, అన్నిటి మీదా ఒకే మాట. వీపు మీద బంగారు అక్షరాలతో 'జిగురు' అని ఉంది.

ఇరవై ఏడేళ్లయింది. నాన్న లెక్క ప్రకారం వందేళ్లకు ఇంకా డెబ్బై మూడేళ్లుంది. ఈలోగానే ఆ పుస్తకాన్ని అరలోంచి తీసి చూస్తూ ఉంటాం, అందరికంటే ఎక్కువసార్లు తీసేది నాన్నే.