సీసం ఎత్తుకెళ్ళిన చెయ్యి

దిల్వెన్ ఎవర్నీ నమ్మదు. పాలవాడు అటు వెళ్ళగానే సీసా మూత తిప్పి చూస్తుంది. చాపెల్‌లో ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకుంటే ఈవిడ ఒక కన్నే మూస్తుంది. వేల్స్ కొండల్లో పలకరాయి గనుల మీద బతికిన ఆ ఊళ్ళో ఆమె నమ్మిన మనిషి ఒక్కడే, మొగుడు గ్విలిమ్. గనిలో రంపానికి చూపుడువేలు పోగొట్టుకున్నాడు. చేపలవేటంటే పిచ్చి. పోయి కొన్నేళ్ళయింది.

ఆమె ఇంటి పలకల కప్పు పక్కింటి ఎత్తు గోడకి ఆనుకుని ఉంటుంది. రెండూ కలిసేచోట వాన దిగకుండా వేసిన సీసపు పట్టీ ఒకప్పుడు మాయమైంది. "ఎమ్రిస్ పనే. వాడి అటక కిటికీలోంచి చెయ్యి చాపితే అందుతుంది. బయటపడకుండా సిమెంటు కూడా పూశాడు," అన్నాడు గ్విలిమ్. ఆ రోజునుంచి పక్కింటి ఎమ్రిస్‌తో ఆమెకి మాటల్లేవు. ఇప్పుడా సిమెంటు బీటలిచ్చి పడకగదిలో మంచం తడుస్తోంది. ఈ వయసులో వంటింటి కుర్చీలో నిద్రపోవడం ఆమెవల్ల కావడం లేదు.

కప్పుపని చేసే ఆలెడ్ వచ్చాడు. ఆమె పెరట్లో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

"పట్టీ అంచు ఆ గోడ సందులోకి దూర్చాలి, ఆంటీ. ఎమ్రిస్‌ని అడిగితే సరేనన్నాడు."

"అడగ్గానే సరేనన్నాడా? అయితే ఇందులో ఏదో ఉంది."

ఆలెడ్ తెచ్చిన సీసపు రేకును ముక్కలుగా కోయసాగాడు.

"ఏంటా ముక్కలు? నాకు అతుకుల బొంత కుడుతున్నావా? పొడుగు రేకు ఎవరికి దాచావు?"

"ఒకటే ముక్కయితే ఎండకి సాగి పగులుతుంది. అంచు మీద అంచు ఎక్కించి వెయ్యాలి. దాచడానికి ఇదేమైనా జేబులో పడుతుందా?"

"వ్యాన్‌లో పడుతుందిగా!"

అతను నవ్వుకుంటూ పైకెక్కి పాత సిమెంటు పెళ్ళగించాడు. ఒక పెళ్ళ కిందికి తెచ్చిచ్చాడు. "తాపీ లేదో ఏమో, ఎవరో చేత్తోనే అదిమేశారు. చూడండి."

దొంగ చెయ్యి దొరికిందని ఆమె ఆత్రంగా అందుకుంది. అరచెయ్యి అచ్చు స్పష్టంగా ఉంది. చూపుడువేలు ఉండాల్సినచోట చిన్న మొండి గుంట.

పెళ్ళని కుర్చీలో పెట్టి లోపలికి వెళ్ళింది. పడకగది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన సంచి అక్కడే ఉంది. నిండా సీసపు గుండ్లు, గాలాలకి కట్టడానికి గ్విలిమ్ వంటింట్లో కరిగించి పోసుకున్నవి. అంత సీసం ఎక్కడిదని ఆమె ఒక్కసారీ అడగలేదు. పాలసీసాని నమ్మని మనిషి!

సంచి ఈడ్చుకెళ్ళి ఎమ్రిస్ గుమ్మంలో పడేసింది.

"నీకు తెలుసా?"

ఎమ్రిస్ తల దించుకున్నాడు. "తెలుసు."

"ఇన్నేళ్ళూ నిన్ను దొంగని చేసి తిట్టాను. నోరు పడిపోయిందా?"

"సగం గుండ్లు నాకే ఇచ్చాడు, దిల్వెన్. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆమెకి ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. పెరట్లోకి వచ్చేసింది. సాయంత్రానికి పట్టీ గోడలోకి బిగిసింది. ఆలెడ్ మిగిలిన రేకు చుట్టి భుజాన వేసుకున్నాడు.

"ఇది ముందుముందు పనికొస్తుంది, ఆంటీ. ఇంట్లో ఎక్కడ పెట్టమంటారు?"

దిల్వెన్ తెరిచిన తలుపులోంచి లోపలి గోడమీద గ్విలిమ్ ఫొటో వైపు చూసింది.

"ఈ ఇంట్లో వద్దు. ఎమ్రిస్ ఇంట్లో పెట్టు."