తొండ గుడ్లకు రెండు థర్మోస్టాట్లు

2022 వానాకాలం. తార్నాకలో నాది రిపేరు షాపు. ఫ్రిజ్‌లు, డీప్ ఫ్రీజర్లు, ల్యాబుల్లో ఒకే వేడి నిలబెట్టే ఇంక్యుబేటర్లు, ఇవే నాకు అన్నం పెడుతున్నాయి. యూనివర్సిటీ పక్కనే కాబట్టి రీసెర్చ్ పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. సగం మందికి ఏం కావాలో తెలియదు, మిగతా సగానికి అది నిన్ననే కావాలి.

రజిత ఈ రెండు రకాల్లోనూ లేదు. జువాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఊరు జనగామ వైపు, వ్యవసాయ కుటుంబం.

"అన్నా, గాజు తొట్టిని వెచ్చగ ఉంచాలె. మంచి థర్మోస్టాట్ కావాలె."

"చేపలకా?"

"కాదన్నా, తొండ గుడ్లకు."

నాకు నవ్వాగలేదు. "లాలాగూడ క్వార్టర్లల్ల చిన్నప్పుడు తొండల ఎంటపడి రాళ్లేసేటోళ్లం. గిప్పుడు వాటికి హీటరా తల్లీ?"

ఆమె కూడా నవ్వి, అసలు సంగతి చెప్పింది. గుడ్డు ఎంత వేడిలో ఉంటే పిల్ల ఎంత చురుగ్గా పుడుతుందన్నది ఆమె పరిశోధన. కిందటేడు థర్మోస్టాట్ మొండికేసి ఆఫ్ కాలేదు, గుడ్లన్నీ ఉడికిపోయాయి. ఈ వానాకాలం కూడా పోతే ఫెలోషిప్ గడువు ముగుస్తుంది, చదువు మధ్యలోనే ఆగిపోతుంది. ఇదంతా ఎవరినీ తిట్టకుండా చెప్పింది. నేనైతే ఆ థర్మోస్టాట్ చేసినవాడి ఏడు తరాలను తిట్టేవాణ్ని.

బల్బు వద్దన్నాను, అది ఇసుకలో తడిని లాగేస్తుంది. తొట్టి పక్కకు అతికించే పల్చటి హీట్ ప్యాడ్ చాలు. దానికి మామూలు ఆన్-ఆఫ్ థర్మోస్టాట్. వేడిని కనిపెట్టే తీగ కొనను ప్రోబ్ అంటాం, దాన్ని గోడకు కాకుండా గుడ్ల పక్కన ఇసుకలో పెట్టాలి. ఇంతవరకూ ఇద్దరిదీ ఒకే మాట. పేచీ డిఫరెన్షియల్ దగ్గర వచ్చింది. ఆగిన హీటరు మళ్లీ మొదలవ్వాలంటే వేడి ఎంత పడిపోవాలో చెప్పేది అదే. ఫ్రిజ్ మెకానిక్‌ని కదా, అలవాటుగా రెండు డిగ్రీలు పెట్టాను. ఆమె అర డిగ్రీ చాలంది.

"అట్లయితే లోపల రిలే దినమంతా టకటక కొట్టుకుంటది," అన్నాను. కరెంటును కలిపి విడదీసే స్విచ్చే రిలే. "జల్ది ఖరాబైతది."

"ఖరాబైతే ఆన్‌ల ఆగుతదా, ఆఫ్‌ల ఆగుతదా?"

గ్యారంటీ ఎన్నాళ్లని అడిగినవాళ్లే గానీ ఇలా అడిగినవాళ్లు నాకు అంతవరకూ తగల్లేదు. చెప్పలేమని, ఎక్కువగా ఆన్‌లోనే అతుక్కుంటుందని నిజమే చెప్పాను.

"మా బాయికాడ మోటరుకు స్టార్టర్ల రిలే ఉంటది, దానిమీద ఫ్యూజ్ ఉంటది. రిలే ట్రిప్పు కొట్టకపోతే ఫ్యూజ్ పోతది, మోటరైతే కాలది. రెండూ లేకుంటే మా నాయిన మోటరు ఎయ్యనియ్యడు," అంది. "దీనికీ రెండు పెడదామన్నా. కరెంటు ఒకదాంట్లకెళ్లి ఇంకోదాంట్లకు పోవాలె. రెండోది రెండు డిగ్రీలు పైన పెట్టి ఉంచుదాం. దాని ప్రోబ్ వేరే మూలకు."

ఆమె అడిగిన అర డిగ్రీయే పెట్టి, రెండోది తీశాను. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదా అని కొంచెం కడుపుమంటగా కూడా ఉంది.

డిపార్ట్‌మెంట్ గదిలో బిగించాక రజిత వెంటనే గుడ్లు పెట్టలేదు. ముందు ఉత్త ఇసుకతో నడిపించింది. పక్కన మామూలు గాజు థర్మామీటర్ పెట్టి చూస్తే మొదటి థర్మోస్టాట్ ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తోంది. దాన్ని సరిచేయించాకే గుడ్లు తెచ్చింది. అంత ఓపిక నాలో లేదు.

కొన్ని వారాలకు, వాన పడుతున్న ఓ మధ్యాహ్నం ఫోన్ చేసింది. "అన్నా, మొదటిది అతుక్కున్నది." బండి మీద తడుస్తూ వెళ్లాను. మొదటి థర్మోస్టాట్ లైటు ఆరడం లేదు. అది వదిలేసిన వేడిని రెండోది కట్ చేస్తూ, రెండు డిగ్రీల పైనే పట్టి ఆపింది. విప్పి చూస్తే రిలే అతుక్కుపోయి ఉంది. కొత్తది వేశాను.

"ఏం కాదు కదమ్మా?"

"కావొద్దు. పిల్లలు బయటికొస్తేనే తెలుస్తది," అంది గుడ్ల మీంచి చూపు తిప్పకుండా.

ఆ రోజు నుంచి ఏ ల్యాబ్‌కు థర్మోస్టాట్ బిగించినా, చెడిపోతే ఏమవుతుందన్నది ముందే ఆలోచించి రెండోది పెడుతున్నాను. రజిత దగ్గర నేర్చుకున్నానని చెప్పడానికి నాకేం నామోషీ లేదు.

ఆ వానాకాలంలోనే రజిత నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. "అన్నా, ఉన్నపళంగ రా." ఈసారి రెండోది కూడా పోయిందనుకుని, స్పేర్లన్నీ సంచిలో వేసుకుని మెట్లు పరిగెత్తుతూ ఎక్కాను. రెండు థర్మోస్టాట్లూ సరిగ్గానే ఉన్నాయి. తొట్టిలో ఒక గుడ్డు చీలి, అందులోంచి ఒక చిన్న తల బయటికొచ్చి అటూ ఇటూ చూస్తోంది. దాని పక్క గుడ్డు కూడా కదులుతోంది.

"ఏం ఖరాబైందమ్మా?" అన్నాను ఆయాసపడుతూ.

"ఏం కాలేదన్నా. నువ్వు సూడాలె గదా అని పిలిచిన."

స్టూల్ లాక్కుని కూర్చున్నాను. నా పనిలో ఫోన్ మోగిందంటే ఎక్కడో ఏదో పాడైనట్టే. బాగా నడుస్తోంది, వచ్చి చూడమని నన్ను పిలిచింది ఆ అమ్మాయి ఒక్కతే.