తొణకని పరుగు

సీసా మూత తిప్పగానే లబన్ మజ్జిగ పుల్లటి వాసన ముక్కుకు తగిలింది. ఈ అరబ్బు దేశంలో, మిష్రిఫ్‌ నడకబాట పక్కన బెంచీమీద కూర్చున్న నాకు మా అవ్వ మజ్జిగ దుత్త కళ్ళముందుకొచ్చింది. నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మేం మామా అని పిలిచే ఆవిడ, పది కిలోమీటర్ల పరుగుపందానికి పేరిచ్చి, సాధనలో తోడుకోసం ప్రతి శుక్రవారం పొద్దున్నే నన్నూ వెంటబెట్టుకొస్తుంది. "యల్లా, రమణా!" అని తొందరపెడుతూ మొదటి చుట్టులోనే దూసుకుపోవడం, మూడో చుట్టుకు నడుం పట్టుకుని నిలబడిపోవడం ఆవిడకు మామూలే.

చెనక్కాయలు పీకే రోజుల్లో, మంచు ఆరి ఎర్రమట్టి వాసన లేచే వేళకు, రాత్రి మిగిలిన రాగిసంగటి పిసికి కలిపిన మజ్జిగ మీద కరివేపాకు రెమ్మ వేసి, ఆ దుత్తను నా తలమీది చుట్టకుదురుపై పెట్టి, నంజుకునే ఊరిబిండి గిన్నె తను పట్టుకుని అవ్వ చేనికి బయల్దేరేది. చీకటితోనే పరగడుపున కూలికి పోయిన అమ్మకు ఎండెక్కేలోపు అది చేరాలి. దారి పొడుగునా అవ్వ తన పుట్టింటి ఎద్దుల పొగరు గురించి చెబుతూ, నన్ను ఊఁ కొట్టమనేది.

"బిరబిరా పో, ఉరకొద్దు మే. కత తెగకుండా చెప్పుకుంటా పోతే ఎంత బిరీన పోవాల్నో నీకే తెలుస్తాది."

అవ్వకు జ్వరమొచ్చిన రోజు ఒక్కదాన్నే వెళ్ళాను. రోజూకంటే ముందే చేరి అమ్మచేత శభాష్ అనిపించుకోవాలని, కథ చెప్పడానికి పక్కన ఎవరూ లేక, ఒకటే ఉరుకు. చేను కనిపిస్తుండగా గట్టుమీద కాలు తట్టుకుంది. దుత్త పగిలి మజ్జిగంతా మట్టిలో ఇంకిపోయింది. అమ్మ పరుగున వచ్చి, పెంకులో మిగిలిన గుక్కెడు నా నోటికే పట్టించింది.

"పోతే పోయిందిలే మే, మోకాలు సూడనీ."

ఆ రోజు పొద్దుగుంకేదాకా ఆమె ఒట్టి నీళ్ళతోనే కడుపు నింపుకుని చెనక్కాయ చెట్లు పీకింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

అందుకే ఇవాళ మామా దూసుకుపోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. నాకొచ్చిన వంకర అరబ్బీలో వాళ్ళమ్మ చేపలు ఎలా వండేదని అడిగాను. మామా చెబుతూ చెబుతూ, రొప్పకుండా, ఒక్కచోటా ఆగకుండా చుట్లన్నీ పూర్తిచేసింది. ఆఖరి నూరడుగులకు మాత్రం నవ్వుతూ దూసుకుపోయి, తిరిగొస్తూ ఈ లబన్ సీసా కొనిచ్చింది.

మా ఊరి చెనక్కాయ చేలు మామిడితోటలయ్యాయి. దుత్తలు చేసే కుమ్మరి ఇల్లు మూతబడింది. ఇప్పుడైతే ఎంత దూరమైనా చుక్క తొణకకుండా పట్టుకుపోగలను. అందుకుని తాగడానికి అమ్మే లేదు.