గోడ మీది గోల్కొండ పటం

అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ గోల్కొండ సుల్తానుల కాలంపై పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పాత యాత్రా గ్రంథం తిరిగి ఇస్తుంటే, కౌంటర్‌లోని ఉద్యోగి పేజీలు తిప్పి చూసి, "మ్యాప్ యాడ వోయింది? బ్లేడుతోని కోసినవా? గిందుకేనా సదువుకునేది?" అని అందరి ముందూ అరిచాడు. నేను తీసుకునేటప్పటికే లేదన్నా వినలేదు. నేనే కోశానని ఒప్పుకుంటూ క్షమాపణ రాసివ్వాలి, లేదంటే నా కార్డు రద్దు చేస్తానన్నాడు.

పంజగుట్టలో మా గైడ్ గారింటికి వెళ్లి జరిగింది చెప్పాను. హాల్లో సోఫా పైన, అద్దాల ఫ్రేములో గోల్కొండ పటం వేలాడుతోంది. దాని మూలన మా లైబ్రరీ గుండ్రటి ముద్ర ఉంది.

నేను అటు చూడటం ఆయన చూశారు. "రాసిచ్చెయ్యమ్మా. రేపు థీసిస్ మీద నా సంతకం కావాలిగా," అన్నారు. తీరిగ్గా ఒక గుక్క కాఫీ తాగారు.

రాసిచ్చాను. డాక్టరేటూ వచ్చింది.

నోటి మాట కాదు, కాగితమే చరిత్రకు సాక్ష్యమని క్లాసులో నేర్పింది ఆయనే. ఆ లైబ్రరీ ఫైల్లో ఉన్న కాగితం ప్రకారం దొంగను నేనే.