ఇత్తడి కుండీకి చిల్లు

గని ఆఫీసరు బంగ్లా వరండాలో ఆ ఇత్తడి కుండీని మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అంత పెద్ద గంగాళాన్ని స్నానాల నీళ్ళకు వాడుకోక, మట్టి పోసి పాడు చేశారేమిటని. నాలుగు కాళ్ళు, వాటికి సింహం గోళ్ళు. రెండు పక్కలా సింహం మూతులు, నోళ్ళలో కడియాలు. నడుము చుట్టూ ద్రాక్షతీగ. ఫ్రాన్సు దేశంలో నూరేళ్ళ కింద పోతపోసిందట. హైదరాబాదులో ఎవరో నవాబు ఇంటి సామాను వేలం వేస్తే కొన్నారట. అందులో ఒక పామ్ మొక్క ఉండేది. దానికి నీళ్ళు పోయడం మా ఆయన పని.

మా ఆయన పుట్టు తోటమాలేం కాదు. బాయిలో, అంటే బొగ్గుగనిలో, డ్రిల్లరు. ఆయన బొగ్గుకు బెజ్జాలు వేస్తే వాటిలో మందు కూరి పేల్చేవారు. ఒకనాడు గని కప్పు కూలి పక్కనున్న మనిషి పోయాడు. ఈయన ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి చేతులు వణకడం మొదలైంది. చాయ్ గ్లాసు ఇస్తే సగం లుంగీ మీదే పోయేది. చేతుల వణుకు తగ్గేదాకా కిందికి దించొద్దు, పైన పని ఇవ్వండని దవాఖానలో డాక్టరు రాశాడు. మా బాయి ఆఫీసరు భార్య దయగల మనిషి, ఈయనను తమ బంగ్లాకు పిలిపించుకుంది.

ఆయన భయం చేతుల్లో మాత్రమే ఉందని డాక్టరు అనుకున్నాడు. నాకు తెలుసు, మనిషంతా భయమే. బాయి సైరన్ మోగితే తింటున్న కంచం ముందు నుంచి లేచి వాకిట్లోకి పోయేవాడు.

"నన్ను మళ్ళ కిందికి పంపరు గదనే?"

"ఎందుకు పంపుతరు? బంగ్లా అమ్మ ఉన్నది గద. తిను."

పూటకు ఒకసారైనా ఇదే అడిగేవాడు. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చేది. విసుక్కున్నాక ఏడుపొచ్చేది. ఊళ్ళో మాకున్న మెట్ట చెలక బొగ్గు తవ్వకానికే పోయింది. ఇద్దరు పిల్లలు, కంపెనీ క్వార్టరు. ఉద్యోగం పోతే మేం తిరిగి వెళ్ళే ఊరంటూ లేదు.

ఎండాకాలం ఆఫీసరూ భార్యా సెలవు మీద వెళ్తున్నప్పుడు ఆమె మా ఆయనతో అంది, "ఈ మొక్కని బతికించాలయ్యా. ఇది ఎండిపోతే నిన్నిక్కడే ఉంచమని సార్‌ని ఏ ముఖం పెట్టుకుని అడగను?" నవ్వుతూనే అంది. ఈయనకు ఆ నవ్వు వినబడలేదు.

ఇక చూడండి ఆ సేవ! పొద్దున బిందెడు, సాయంత్రం బిందెడు. బంగ్లా నల్లా ఎండిపోతే మా కాలనీ నల్లా దగ్గర నేను కొట్లాడి పట్టుకున్న నీళ్ళు మోసుకుపోయేవాడు. పిల్లలకు స్నానాలు బంద్. ఇత్తడి నల్లబడితే ఇల్లాలికే చెడ్డపేరు కాబట్టి నేను పోయి చింతపండుతో తోమేదాన్ని. కుండీ అద్దంలా మెరిసింది. మొక్క పచ్చబడాల్సింది పోయి పసుపు రంగుకు తిరిగింది. ఎండదెబ్బ అనుకున్నాం. ఇంకో బిందె పోశాం. ఇంకా పసుపెక్కింది. ఇంకా పోశాం.

ఒకరోజు తోముతుంటే కంపు వచ్చింది. చెరువు అడుగు బురద కంపు. ఇద్దరం కలిసి మొక్కను మట్టితో సహా పైకి లాగాం. కుండీ సగం దాకా నల్లటి నీళ్ళు, వేళ్ళు మెత్తగా కుళ్ళి చేతికి అంటుకున్నాయి. ఎంత తడిమినా అడుగున ఒక్క చిల్లు లేదు. నీళ్ళు బయటికి పోయే దారే లేదు. చిల్లు లేని పాత్రలో ఎవడైనా మొక్క పెడతాడా? ఫ్రాన్సు వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను. మా ఆయన ఆ బురద పక్కన కూలబడి, "అయిపోయిందే, నన్ను పంపుతరు" అని తల కొట్టుకున్నాడు.

నడుమ నాలుగు తెల్ల వేళ్ళు మాత్రం కుళ్ళకుండా మిగిలి ఉన్నాయి. వాటిని చూసి లేచాడు. మా అన్న వర్క్‌షాపులో ఫిట్టరు, అతని దగ్గర చేత్తో తిప్పే డ్రిల్లు అడిగి తెచ్చాడు. కుండీని గోనెసంచి మీద బోర్లించాడు. నేను కడియాలు పట్టుకుని కూర్చున్నాను. పరాయి సొమ్ము, చేయి జారితే మా బతుకులే గీసుకుపోతాయి. ఇత్తడి పొట్టు సన్నగా రాలింది. ఆయన చేతుల వంక చూశాను. వణకలేదు! చిటికెన వేలు పట్టేంత చిల్లు, గుండ్రంగా, ఎక్కడా నెర్రె లేకుండా దిగింది. గోదారి ఇసుక కలిపి మొక్కను మళ్ళీ నాటాం. చేతుల వణుకు తగ్గిందని తెలిస్తే కిందికి దించుతారు కాబట్టి, ఎవరైనా అడిగితే గిన్నెలకు మాట్లు వేసేటాయనతో వేయించామని చెప్పాలని అనుకున్నాం.

వాళ్ళు తిరిగొచ్చేసరికి కొత్త ఆకు విచ్చుకుంది. ఆమె సంతోషం పట్టలేక తనే చెంబెడు నీళ్ళు పోసింది. నీళ్ళు కింది నుంచి వరండాలోకి పారాయి. వంగి చూసి, "అయ్యో, నూరేళ్ళ వస్తువు!" అని ఏడ్చేసింది. ఆఫీసరు వచ్చి కుండీని ఒరిగించి, చిల్లు అంచు వెంట వేలు తిప్పాడు.

"ఎవరిదయ్యా ఈ పని? చెయ్యంటే ఇదీ చెయ్యి."

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అన్నాడు, "నేనే వేసిన సార్."

ప్రమాదం తర్వాత ఆ ముఖం అలా వెలగడం నేను చూడలేదు. ఆయన్ని ఎట్లా తిట్టను? పనిమంతుణ్ణి పనిమంతుడని మెచ్చుకునే మాట ఎన్ని రోజులకు విన్నాడో!

"ఇంకేం, నీకు నయమైపోయింది! ఇంత చెయ్యి పెట్టుకుని మొక్కలకు నీళ్ళు పోయడమేంటయ్యా? సోమవారం నుంచి నీ పని నీకు ఇప్పిస్తాను, జీతం కూడా పెరుగుతుంది," అన్నాడు ఆఫీసరు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు, పాపం.

నేను వెనకే పోయి ఆమె కాళ్ళు పట్టుకున్నాను. "భయపడుతుండమ్మా, నిద్రల ఉలికిపడుతుండు," అన్నాను. ఆమె ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుందమ్మా," అని లోపలికి పోయింది.

సోమవారం ఆయన లేవలేదు. నేనే లేపి, బట్టలు తొడిగి, టిఫిన్ కట్టి, పిల్లల్ని పక్కింటి అక్కకు అప్పజెప్పి బాయి గేటు దాకా వెంట పోయాను. మొదటి షిఫ్టు వాళ్ళు మమ్మల్ని చూసుకుంటూ లోపలికి పోతున్నారు. గేటు దగ్గర ఆయన నా ముంజేయి పట్టుకున్నాడు.

"నాకు భయమైతున్నదే. కాళ్ళు వస్తలేవు. ఇంటికి పోదాం పా."

ఇల్లు ఎక్కడుంది? ఆ క్వార్టరు కంపెనీది. నేను ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ ఊడదీశాను. "పిల్లలున్నరు. పో," అని వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టాను.

షిఫ్టు దిగి వచ్చాడు. నీళ్ళు కాచి పోశాను, అన్నం పెట్టాను, తిన్నాడు. రిటైరయ్యేదాకా పోయాడు, వచ్చాడు. పిల్లల జ్వరాలు, చదువులు, చుట్టాల తగాదాలు, అన్నీ నాతోనే మాట్లాడేవాడు. భయమైతున్నదన్న మాట మాత్రం నా దగ్గర మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.